నలభై మీటర్లు

చిత్తూరు నుంచి పదమూడు కిలోమీటర్లు.
షేర్ ఆటో దిగినాక ఇంకో కిలోమీటరు నడక.
గ్రానైటు క్వారీ దుమ్ము మోకాళ్ల దాకా పౌడరు పూస్తుంది.
లేఅవుటు మొదట్లో ఒక ఆర్చి.
దానికి రెండుసార్లు రంగు మారింది.
రోడ్డుకు మారలేదు,
రోడ్డే రాలేదు కాబట్టి.

ఇళ్లు కట్టడం నా పని కాదు.
కట్టినంత ఇంటిని ఫోన్లోకి ఎక్కించడం నా పని.
పునాదికి ఒక ఫోటో, గోడలకు ఒకటి, కప్పుకు ఒకటి.
ప్రతి ఫోటోలో లబ్ధిదారు నిలబడాలి.
ముఖం కనపడాలి.
నవ్వాలని మాత్రం రూలు లేదు.

ప్లాటు నంబరు రెండువందల పదిహేడు, పొన్నెమ్మ.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను కూలి.
తోతాపురి సొన కాల్చిన వేళ్లను
వేలిముద్ర మిషను గుర్తుపట్టదు.
"సీజను అయినాక రామ్మా, చర్మం వస్తుంది" అన్నాను.
"చర్మం వొస్తాది సార్,
అప్పుటికి స్కీము ఉంటాదా?"

పట్టాలు పంచిన రోజు
వాళ్ల గుణ ఆ కాగితాన్ని ముక్కుకు ఆనించుకున్నాడు.
"సెంటు అన్నారే మా, వాసనే రాలే!"
షామియానా కింద అందరూ నవ్వినారు.
నేనూ నవ్వినాను.
తర్వాత టేపు పట్టుకుని ఆ సెంటు కొలిచినప్పుడు
ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస నేను.
మధ్యలో టేపు వంగనైనా వంగలేదు,
అంత దగ్గరగా నిలబడ్డాం.

లక్షా ఎనభై వేలు, విడతలుగా.
మొదటి విడత పునాది మింగింది.
రెండో విడత గోడలు తినింది, సంఘం లోను కూడా.
మూడోది ఇంకా దారిలో ఉంది.
ఈలోగా ఫైలు మీద పథకం పేరు మారింది.
పేరు మారిన ప్రతిసారీ
ఆమె అదే ఆధార్ జిరాక్సు మళ్లీ తెచ్చింది.

సిమెంటు గోడ పసిబిడ్డ లాంటిదట, మేస్త్రీ చెప్పినాడు,
పూటపూటా తడపాలని.
ట్యాంకరు ఆ పక్కకు రాదు.
గిరింపేట అద్దె ఇంట్లో కుళాయి నీళ్లు
పెయింటు డబ్బాల్లో పట్టి ఆటోలో తెచ్చేది పొన్నెమ్మ.
డబ్బాలకు కూడా టికెట్టు తీసుకున్నాడట ఆటోవాడు.
అద్దింటోళ్లు నీళ్లు దొంగతనమని గొడవ.
"నా గోడ తాగిండే నీళ్లకు
వాళ్లకు మూణ్ణూర్లు కట్టినా సార్,"
అని ఆమె లెక్క చెబితే
రాసుకోడానికి నా యాప్‌లో గడి లేదు.

ఫోటోలు వరసగా ఉన్నాయి నా దగ్గర.
పునాది ముందు, ఆకుపచ్చ చీర, గుణ ఆమె నడుము దాకా.
గోడల ముందు, అదే ఆకుపచ్చ చీర, వాడు భుజం దాకా.
గోడ ఎత్తు అడుగుతుంది ఫారం.
వాడి ఎత్తు అడగదు.

ఈ రోజు మళ్లీ వెళ్లాను, గోడల ఫోటో మళ్లీ కావాలన్నారని.
ఆమె గడపలో నిలబడింది, కొంగు సర్దుకుని.
ఫోన్ ఎర్రగా చెప్పింది:
మీరు ఇంటికి నలభై మీటర్ల దూరంలో ఉన్నారు.
ఆపి మళ్లీ తెరిచాను.
నలభై మీటర్లు.
చెయ్యి పైకెత్తి ఆకాశానికి చూపించాను ఫోన్ను.
నలభై మీటర్లే.

సరేనని బయల్దేరాం ముగ్గురం,
ఫోన్లో ఉన్న ఇంటిని వెతుక్కుంటూ.
ముప్పై, పద్దెనిమిది, ఆరు.
కంపచెట్ల నడుమ, క్వారీ గుంత అంచున
వలయం పచ్చగా వెలిగింది.
"ఈడనా సార్ మా ఇల్లు?"
ముళ్లకు చీర తగలకుండా కుచ్చెళ్లు ఎత్తిపట్టి
పొన్నెమ్మ నిలబడింది.
మొదటిసారి ఫోటోలో నవ్వింది,
నవ్వు ఆపుకోలేక.
"ఇది ముందే చెప్పింటే
ఈడే కట్టుకోనుంటి గదా!"

క్లిక్. అప్‌లోడ్ అయింది.
వెనుక గోడలు చీమంత.

ఆటో పోతుందేమోనని నేను తొందరపడుతుంటే
ఆమె మళ్లీ ఇంటికాడికి పరుగెత్తింది.
తాళం మరిచిపోయిందట.
సెకండ్ హ్యాండు తలుపు, పాత స్కూలుది,
ఇంకా దాని మీద సుద్దముక్కతో రాసిన ఎక్కాలు.
గొళ్లెం పెట్టి, తాళం వేసి,
రెండుసార్లు లాగి చూసింది.
పైన కప్పు లేదు.
గోడ మీద కాకి ఒకటి కూర్చుని
లోపలికీ బయటికీ
చూస్తూ ఉంది.